ఇద్దరికి తక్కువైతే పొయ్యి వెలిగించరు

ఫ్యోంగ్‌తెక్,
14 జనవరి 2018

మేస్త్రీ గారికి,

మాన్‌సిక్ నమస్కరించి రాసేది. రెండేళ్లుగా ఒక్క ముక్క రాయనివాడు ఇప్పుడు రాశాడంటే ఏదో పని పడి ఉంటుందని కవరు చింపకముందే అనుకుని ఉంటారు. నిజమే. సిగ్గు విడిచి ముందే ఒప్పుకుంటున్నాను. ఫోన్ చేస్తే మీకు వినపడదు. ఫోన్‌లో అక్షరాలు పంపితే కనపడవు. అందుకే మా బొమి స్కూలు పుస్తకంలోంచి కాగితాలు చింపి, పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. మీ భూతద్దం ఇంకా పగలలేదనుకుంటాను.

షిప్‌యార్డులో మన జట్టును తీసేశాక నేను ఉత్తరాది వైపు వచ్చేశాను కదా. ఇక్కడ కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీ కడుతున్నారు. పైపులు అతికే పని. మూడు నెలలకో కాంట్రాక్టు, మూడు నెలలకోసారి గుండెదడ. రెండేళ్లలో మూడు ఊళ్లు తిరిగాం, బొమి మూడు స్కూళ్లు మారింది. పోయిన వారం గుమ్‌హి దాన్ని "కొత్త క్లాసులో ఫ్రెండ్స్ ఎవరే?" అని అడిగింది. "ఎలాగూ వెళ్లిపోతాంగా అమ్మా, ఎందుకు దండగ" అంది. పన్నెండేళ్ల పిల్ల. ఆ మాట విన్న దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు.

ఆస్ట్రేలియా వెళ్దామని గుమ్‌హి పట్టుబట్టింది. అక్కడ వెల్డర్లు కావాలట. పని తెలిసినవాడికి వీసా ఇస్తారు, పెళ్లాం పిల్లల్ని రానిస్తారు, దిగిన ఊళ్లోనే ఉండిపోవచ్చు. ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాను. ఇక అడ్డం వయసే. నలభై అయిదు నిండేలోగా వాళ్ల పిలుపు రావాలి. నాకు అక్టోబరు పంతొమ్మిదికి నిండుతాయి. దానికంటే ముందు అక్కడి ఆఫీసొకటి నా పనితనాన్ని ఒప్పుకోవాలి. యార్డులో పదిహేనేళ్లు పని చేశానని వాళ్లకు కాగితం చూపించాలి.

యార్డుకు మనల్ని కాంట్రాక్టు మీద పెట్టిన చిన్న కంపెనీ నాలుగుసార్లు పేరు మార్చుకుని మూతబడింది. ఓనరు ఎక్కడున్నాడో వాడి పెళ్లానికే తెలియదు. నేను అక్కడ పని చేశానని మేస్త్రీ హోదాలో చెప్పగల మనిషి భూమ్మీద మీరొక్కరే. నాలుగు మాటలు రాసి పంపగలరా?

మీ
మాన్‌సిక్


నుంగ్‌పో, కోజె దీవి,
22 జనవరి

ఒరేయ్ మాన్‌సిక్,

నీ కవరు చూసి పోస్టుమాను కూడా వింతపడ్డాడు. పాపం, కరెంటు బిల్లు తప్ప నాకేదీ తెచ్చి ఎరగడు. పని పడితేనే రాశావని నువ్వేం బాధపడకు. అడగందే అమ్మయినా పెట్టదు.

నలభై అయిదేమిటి, నీకు నలభై ఆరు కదరా. కడుపులోంచి పడగానే ఒక ఏడు నెత్తిన వేసుకునే మన లెక్క వాళ్లకు లేదన్నమాట. మంచిదే. ఆ దేశంలో దిగేసరికి ఒక ఏడు చిన్నవాడివవుతావు. నన్ను కూడా రమ్మంటే బాగుండు.

కాగితం రాశాను. మా ఆవిడ పెళ్లయిన కొత్తలో నా పేరు చెక్కించిన రేగుచెక్క ముద్ర వేశాను. ఇల్లు కొన్నప్పుడు ఇదే, ఆవిడ ఆపరేషనుకి ఒప్పుకున్నప్పుడు ఇదే. ఎర్ర సిరా ఎండిపోతే బజారుకెళ్లి కొత్తది తెచ్చాను. ఒక్క గీత చెదరలేదు, చూడు.

ఎండు నెత్తళ్లు పెట్టాను, బొమికి. తలలు తీసి పులుసులో వెయ్యమను. అన్నట్టు, వారానికోసారయినా పంది మాంసం తింటున్నావా? ఇనప పొడి గొంతు దిగాలంటే ఆ కొవ్వు పడాల్సిందే. డాక్టర్లు అదంతా ఉత్తదంటారు. డాక్టర్లు ఎప్పుడైనా ఓడ పొట్టలో కూర్చుని ఊపిరి పీల్చారా?

ఓక్ డొక్‌సు


ఫ్యోంగ్‌తెక్,
12 మార్చి

మేస్త్రీ గారికి,

నెత్తళ్లు అందాయి. బొమి పులుసుదాకా ఆగలేదు, టీవీ చూస్తూ వట్టివే నమిలేసింది.

కాగితం మాత్రం వెనక్కి వచ్చింది. మా ఏజెంటు సియోల్ నుంచి ఫోన్ చేసి, "సార్, ఈ ఎర్ర బొమ్మేంటి, సంతకం ఏదీ అని అడుగుతున్నారు" అన్నాడు. ముద్ర అంటే మనిషేనని వాడూ చెప్పాడు, నేనూ రాశాను. వాళ్లకు అర్థం కాలేదు. చేత్తో పెట్టిన సంతకమే కావాలట.

రెండో సంగతి అడగడానికి నోరు రావడం లేదు, అందుకే చేత్తో రాస్తున్నాను. వాళ్లకు పైపు వెల్డింగే ముఖ్యం. 2010లో, అన్నేళ్ల వెల్డింగు మెరుపులకు మీ చూపు మధ్యలో మచ్చలు పడ్డాయి. కరిగే ఇనుము మీకు కనపడటం మానేసింది. ఆ సంగతి తెలిస్తే మర్నాడే మిమ్మల్ని గేటు బయట పెట్టేవాళ్లు. నాకేమో పైపు పరీక్ష సర్టిఫికెట్ లేదు. అందుకని ఆరేళ్లు నేను అతికాను, అతుకు పక్కన అతికినవాడి నంబరు రాసే చోట మీ ఇరవై ఏడు రాశాం. ఆ రికార్డు ప్రకారం ఆ ఆరేళ్లూ నేను మీ పక్కన కూర్చుని కడ్డీలు అందించాను.

ఆ అతుకులు నావేనని మీరు రాస్తే తప్ప పని జరగదని ఏజెంటు అంటున్నాడు. మీ పేరుకు మచ్చ తెచ్చే మాట అడుగుతున్నానని తెలుసు. గుమ్‌హి రెండు రోజులు వద్దంది. మూడో రోజు తనే కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. మే నెలాఖరులోగా చేరితే చాలు.

మాన్‌సిక్


నుంగ్‌పో,
2 ఏప్రిల్

మాన్‌సిక్‌కి,

అందింది. సంతకమా? అరవై తొమ్మిదేళ్లలో నేను సంతకం పెట్టిన పాపాన పోలేదు. అది ఎలా ఉండాలో కూడా తెలియదు. వంకరగా ఉండాలా, తిన్నగా ఉండాలా? చెయ్యి కాస్త వణుకుతోంది. కొంచెం ఆగు.

నీ ఉత్తరంలో ఏం రాయాలో ఉన్న చోట నీళ్లు పడి అక్షరాలు అలుక్కుపోయాయి. మళ్లీ విడమరిచి రాయి.

అన్నీ నీ పనే రాశావు. మీరుండే గది ఎలా ఉంది? బొమి ఎంత ఎత్తు పెరిగింది? గుమ్‌హి ఇంకా చేప పులుసులో ముల్లంగి లావుగా కోస్తోందా? ఇక్కడ చెప్పడానికేమీ లేదు. మన జట్టు ఏడుగురిలో నేనొక్కణ్ణే ఊళ్లో మిగిలాను. మన సందు చివర, బల్ల మీదే పొయ్యి పెట్టి పంది మాంసం కాల్చే కొట్టు మాత్రం ఉంది. ఇప్పటికీ ఇద్దరికి తక్కువైతే పొయ్యి వెలిగించరు, నీకు తెలుసుగా.

డొక్‌సు


ఫ్యోంగ్‌తెక్,
18 ఏప్రిల్

మేస్త్రీ గారికి,

ఏం రాయాలో వేరే కాగితం మీద విడిగా రాసి పెట్టాను. మీరు చూసి రాస్తే చాలు. సంతకం ఎలా ఉన్నా ఫరవాలేదట, మీ చేత్తో పెట్టింది అయితే.

గది గురించి అడిగారు. రెండో అంతస్తు. కిటికీ తీస్తే ఎదురింటి ఏసీ వెనక భాగం. మంచం లేదు కాబట్టి పగలు గది పెద్దదిగానే ఉంటుంది. బొమి నా భుజం దాటింది. పోయిన వారం స్కూలు నుంచి వచ్చి "నాన్నా, మాట్లాడకపోతే రోజు తొందరగా అయిపోతుంది" అంది. గుమ్‌హి ముల్లంగి ఇంకా లావుగానే కోస్తోంది. మీరు అడిగారని చెబితే, "ఆయన మూడు గిన్నెలు తాగినప్పుడు లేదా ఆ లావు?" అంది.

ఈ నెల నా కాంట్రాక్టు ఇంకో మూడు నెలలు పొడిగించారు. ఆ తర్వాత ఏమో. మీ కాగితం కోసం చూస్తున్నాను.

మాన్‌సిక్


నుంగ్‌పో,
6 మే

మాన్‌సిక్‌కి,

మూడు గిన్నెలు కాదని చెప్పు, నాలుగు.

రాద్దామని కూర్చున్నాను. అనుమానం వచ్చింది. నా నంబరు మీద నువ్వు అతకడం మొదలుపెట్టింది 2010 వసంతంలోనా, అంతకుముందు శీతాకాలంలోనా? ఆ ఏడాది ఏ ఓడ మీద ఉన్నాం? ప్రభుత్వం కాగితం, తప్పు రాయకూడదు. నీకు గుర్తున్నదంతా రాయి. మొదటి రోజు మనం ఏం మాట్లాడుకున్నాం, ఎవరెవరు ఉన్నారు, అన్నీ. తొందరపడి పాడుచేసుకోకు. నిదానమే ప్రధానం.

కొండమీద కమేలియా పూలు రాలిపోయాయి. ఈసారి చూడ్డానికి వెళ్లలేదు.

డొక్‌సు


ఫ్యోంగ్‌తెక్,
25 మే

మేస్త్రీ గారూ,

ఇంకో ఆరు రోజులే ఉన్నాయి. మీరు నన్ను ఏ ఓడ అని అడుగుతున్నారు.

నేను మొద్దువాణ్ణే కానీ మరీ అంత మొద్దును కాను. నీళ్లు పడ్డాయన్నారు, నమ్మాను. చెయ్యి వణుకుతోందన్నారు, నమ్మాను. ఏ అతుకు గట్టిగా నిలబడుతుందో చెయ్యి పెట్టి చెప్పగల మనిషికి ఏ సంవత్సరమో గుర్తులేదంటే ఎలా నమ్మను? 2013లో యార్డువాళ్లు ఇరవై ఏడో నంబరుకు ఇత్తడి పలక ఇచ్చారు. మూడేళ్లపాటు ఎక్స్‌రేలో ఒక్క తప్పూ దొరకలేదని. ఆ రోజు మీరు కొత్త కోటు వేసుకుని వేదిక ఎక్కారు. నేను కింద నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాను. ఇష్టంతోనే కొట్టాను. ఆ పలక మీద ఏ రోజూ కన్ను వెయ్యలేదు.

మీకు ఆ పలక కావాలి. నా కూతురికి ఒక బడి కావాలి. రెండూ ఒక కాగితంలో ఇమడవు కాబట్టి మీరు కాగితం రాయడం లేదు. ఆ మాట మొదటే అనేస్తే ఇంకో దారి వెతుక్కునేవాణ్ణి. పదిహేనేళ్లు మిమ్మల్ని తండ్రి తర్వాత తండ్రి అనుకున్నాను.

ఇక మీకు రాయను.

హా మాన్‌సిక్


నుంగ్‌పో,
28 మే

మాన్‌సిక్,

ఇది స్పీడు పోస్టులో పంపుతున్నాను, రేపటికల్లా నీకు అందుతుంది. నువ్వు అడిగిన కాగితం ఇందులో ఉంది. దాని మీద తారీఖు చూడు. మార్చి 29. పొరపాటు కాదు.

నీ రెండో ఉత్తరం అందిన రెండు వారాల్లోనే రాసేశాను. ఆరేళ్లూ, ఓడల పేర్లతో సహా. ఇరవై ఏడో నంబరు మీద ఉన్న ప్రతి పైపు అతుకూ హా మాన్‌సిక్ చేతిదని, కళ్లు పోయిన నేను పక్కన కూర్చుని కడ్డీలు అందించానని రాశాను. బ్యాంకులో కౌంటరు దగ్గరుండే అమ్మాయి సంతకం నేర్పింది. పాత ఫారాల వెనక ముప్ఫైసార్లు రాయించింది. "తాతగారూ, పేరు గీసినట్టు కాదు, పరుగెత్తినట్టు రాయాలి" అని నాకు వినపడక ఒక చీటీ మీద రాసి చూపించింది. కవరు అంటించి పోస్టాఫీసుకు వెళ్లాను. నా వంతు వచ్చింది. వెనక్కి వచ్చేశాను. అలా నాలుగుసార్లు.

ఆ పలక ఇచ్చిన ఏడాదే మా ఆవిడ దాన్ని కిమ్చి ఊరగాయ జాడీ మూత మీద బరువుకు పెట్టింది. "ఇది ఆ అబ్బాయిది కదా, మన గోడకెలా కొడతాం" అంది. ఇప్పటికీ అక్కడే ఉంది, పచ్చగా చిలుం పట్టి. దానికోసం నీ పిల్ల బడి ఆపేంత నీచుణ్ణి కాను. నేను చేసింది వేరే నీచం.

కాగితం పంపేస్తే నీకు నాతో పని తీరిపోతుంది. నీ ఉత్తరం రాదు. అదొక్కటే కారణం. నీళ్లూ పడలేదు, చెయ్యీ వణకలేదు.

చెవులు పోయాక ఇల్లు ఎలా ఉంటుందో నీకు తెలియదు, తెలియకూడదు కూడా. నోరు తెరిచి మాట్లాడితే నా మాటే నాకు వినపడదు. మాట్లాడానో లేదో తెలియక ఒక్కోసారి గొంతు మీద వేళ్లు పెట్టి చూసుకుంటాను. జనవరిలో నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు పంది మాంసం తినాలనిపించింది. ఒక్కడికైతే పొయ్యి వెలిగించరు కాబట్టి రెండు పాళ్లు చెప్పాను. నీ ఉత్తరాన్ని ఎదుటి కంచం దగ్గర పెట్టుకుని, భూతద్దంతో ఒక్కో వాక్యం చదువుతూ తిన్నాను. మార్చిలో వెళ్లాను. ఏప్రిల్‌లో వెళ్లాను. ముల్లంగి సంగతి చదివి గట్టిగానే నవ్వాననుకుంటా, పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. మొన్నటి ఉత్తరం అక్కడికి తీసుకెళ్లే ఉత్తరం కాదు. ఇంట్లోనే చదివాను.

నువ్వు తిట్టింది తక్కువే. నేను తినాల్సిన తిట్టు అది కాదు, అంతే తేడా.

పంచాంగం చూసుకుని మరీ నీ రోజులు మింగాను. ఇంకా టైముందని నాకు నేనే చెప్పుకున్నాను. నీ పని జరగకపోతే ఆ పాపం నాదే. జరిగితే ఏరు దాటాక తెప్పను నెత్తిన మోయకు. తిరుగు జవాబు అక్కర్లేదు.

ఓక్ డొక్‌సు
(ఇది కూడా సంతకమే. ముప్ఫై ఒకటోది.)


పెర్త్,
11 ఆగస్టు 2019

మేస్త్రీ గారికి,

పద్నాలుగు నెలలైంది. మీ కాగితం గడువుకు రెండు రోజుల ముందు అందింది. పిలుపు అక్టోబరు పదకొండున వచ్చింది, నా పుట్టినరోజుకు ఎనిమిది రోజుల ముందు. ఏజెంటు ఫోన్‌లో ఏడ్చినంత పని చేశాడు. నేను మాత్రం ఏడవలేదు, మీకు రాయనూ లేదు. మొదట కోపం. అది చల్లారాక నేను రాసిన మాటలు గుర్తొచ్చి సిగ్గు. మార్చిలో విమానం ఎక్కే ముందు కోజెకు వచ్చి కాళ్లకు దణ్ణం పెట్టాలనుకున్నాను. బస్సు టికెట్ కూడా కొన్నాను. మీరు పోస్టాఫీసు నుంచి తిరిగి వచ్చినట్టే నేనూ బస్‌స్టాండ్ నుంచి తిరిగి వచ్చాను.

బొమికి స్నేహితురాలు దొరికింది. దొరికిందని ఎలా తెలిసిందంటే, పోయిన శుక్రవారం దానితో పోట్లాడి ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది. గుమ్‌హి వంటింట్లో నిలబడి, "పోట్లాడ్డానికి ఒకత్తి దొరికిందండీ" అని కళ్లు తుడుచుకుంది.

ఓడలు బాగుచేసే చోట పని. మంచివాళ్లే. మధ్యాహ్నం తిండి దగ్గర ఎవడో ఏదో అంటాడు, అందరూ నవ్వుతారు. వాళ్లు నవ్వడం మొదలుపెట్టాక నేను నవ్వుతాను. ఇంగ్లీషు పరీక్ష పాసయ్యాను గానీ పరీక్షలో ఎవడూ నోట్లో తిండి పెట్టుకుని మాట్లాడలేదు. చెవులు బాగానే ఉన్నాయి, మాటే లోపలికి రాదు. ఇన్నేళ్లు బల్లకు ఆ చివర కూర్చుని మీరు ఎందుకు ఆలస్యంగా నవ్వేవారో ఇక్కడికొచ్చాక తెలిసింది. మేం దానికి మిమ్మల్ని ఏడిపించేవాళ్లం.

ఇక్కడ నాకు నంబరు ఇచ్చారు, నూట పద్నాలుగు. మొదటి రోజు మొదటి పైపు పక్కన సుద్దతో ఇరవై ఏడు అని రాశాను. ఇన్‌స్పెక్టరు "హూ ఈజ్ ట్వంటీసెవెన్?" అన్నాడు. "మా మేస్త్రీ" అన్నాను. వాడికేం అర్థమవుతుంది? చెరిపేసి నా నంబరు రాశాను.

అసలు సంగతికి వస్తాను. మళ్లీ పని పడే రాస్తున్నాను, ఏమనుకోకండి. మీరిచ్చిన అనుభవ పత్రం సరిపోలేదు. చాలా ఖాళీలున్నాయి. 2001 మార్చి నుంచి 2016 ఫిబ్రవరి దాకా పని చేశానని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఏ నెలలో ఏ ఓడ, ఎవరెవరం ఉన్నాం, ఎవడు ఎవణ్ణి తిట్టాడు, ఎవరం ఏం తిన్నాం, వాన పడిందా లేదా, ఇవేమీ లేవు. మొత్తం నూట ఎనభై నెలలు. నెలకు ఒక కాగితం చొప్పున, మీ చేత్తో రాసి, సంతకం పెట్టి పంపాలి. ముద్ర చెల్లదు.

ఏ ఆఫీసు అడిగిందని అడక్కండి. గడువు లేదు. తొందర అసలే లేదు. నాకు వయసు పరిమితి కూడా దాటిపోయింది.

మీ
మాన్‌సిక్


నుంగ్‌పో,
3 సెప్టెంబరు 2019

ఒరేయ్ మాన్‌సిక్,

నూట ఎనభై నెలలంటే నేను ఎనభై అయిదేళ్లు బతకాలన్నమాట. నీ కాగితాల పిచ్చి తగలెయ్య. సరే, రాసుకో.

2001 మార్చి. ఓడ పేరు నాకు గుర్తే, సరుకు పెట్టెలు మోసేది, మూడో డాకు. నువ్వు వచ్చిన రోజు వాన. వెల్డింగు ముసుగు తలకిందులుగా తగిలించుకున్నావు. జట్టంతా నవ్వింది, నేను నవ్వలేదు, ఎందుకంటే మొదటి రోజు నేనూ అలాగే చేశాను. ఆ మాట ఇన్నేళ్లలో నీకు చెప్పలేదు. నీ మొదటి అతుకు చూసి ఇది అతుకా, కాకిరెట్టా అన్నాను. ఆ సాయంత్రం ఏడుగురం సందు చివరికి వెళ్లాం. నువ్వు ఒక్కడివే ముగ్గురి పాళ్లు తిన్నావు. మా ఆవిడ పోయేదాకా ఆ సంగతి చెప్పి నవ్వేది. ఆ నెలకు ఇంతే.

ఈ ఉత్తరం ఆ కొట్లోనే కూర్చుని రాస్తున్నాను. నీది ఎదుటి కంచం దగ్గర ఉంది, నూనె చుక్క పడింది, ఏమనుకోకు. రెండు పాళ్లు చెప్పాను. కొత్తగా చేరిన పిల్ల పొయ్యి వెలిగించకుండా నిలబడి ఏదో అడిగింది. వినపడలేదు గానీ పెదవులు చూసి పోల్చుకున్నాను. రెండో ఆయన వస్తారా అంటోంది.

వస్తాడు, నెలకోసారి వస్తాడు, వెలిగించమ్మా అన్నాను.

ఓక్ డొక్‌సు